ద్రాక్షారామం భీమేశ్వరాలయం: వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కార్తీక మాసం దగ్గరపడితే చాలు, గోదావరి జిల్లాల్లో ఉన్నవాళ్లకి హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ ఫోన్లు మొదలవుతాయి. "ఒక్కరోజులో అయిపోతుందా?", "అమ్మ మెట్లెక్కగలదా?", "ఆ స్తంభాల మీద ఏం రాసుంది?" అని. ఈ మూడో ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ. నాకు మాత్రం దానికి జవాబు చెప్పడమే ఎక్కువ ఇష్టం, కాబట్టి అక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

ద్రాక్షారామం ఎక్కడుంది? ఎలా వెళ్లాలి?

గౌతమీ గోదావరికి ఎడమ గట్టు వైపు, తూర్పు డెల్టాలో, రామచంద్రపురం పక్కనే. కాకినాడ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, రాజమండ్రి నుంచి సుమారు 50. రెండు ఊళ్ల నుంచీ రామచంద్రపురానికి ఆర్టీసీ బస్సులు బాగానే ఉంటాయి. అక్కడ దిగితే ఆటోలో కొద్ది నిమిషాల దారి. రైల్లో దూరం నుంచి వచ్చేవాళ్లు సామర్లకోటలో గానీ రాజమండ్రిలో గానీ దిగడం సుఖం.

అమలాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి రెండు దారులు. ఎదుర్లంక దగ్గర వంతెన దాటి యానాం మీదుగా రావచ్చు. లేదా ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి కోటిపల్లిలో దిగవచ్చు. టైముంటే పంటే ఎక్కండి. బైకులూ, కొబ్బరి గెలలూ, బడిపిల్లలూ అందరూ ఒకే బల్ల మీద గోదారి దాటుతుంటారు. వరద రోజుల్లో మాత్రం పంటు ఆపేస్తారు, అందుకని ముందు రోజు ఎవరినైనా కనుక్కుని బయల్దేరండి.

పంచారామాలంటే ఏమిటి? వాటిలో ఇది ఎన్నోది?

తారకాసురుడి మెడలో ఉన్న ఆత్మలింగాన్ని కుమారస్వామి ఛేదిస్తే అది అయిదు ముక్కలై అయిదు చోట్ల పడిందనీ, వాటిని దేవతలు ప్రతిష్ఠించారనీ కథ. అమరావతిలో ఇంద్రుడు, ద్రాక్షారామంలో సూర్యుడు, భీమవరం గునుపూడిలో చంద్రుడు, పాలకొల్లులో శ్రీమహావిష్ణువు, సామర్లకోటలో కుమారస్వామి. వీటికి వరసగా అమరారామం, ద్రాక్షారామం, సోమారామం, క్షీరారామం, కుమారారామం అని పేర్లు. అమరావతి కృష్ణ ఒడ్డున ఉంది. తక్కిన నాలుగూ గోదావరి జిల్లాలవే. వీటికి ఒకటో నంబరు, రెండో నంబరు ఏమీ లేదు. ఎటు నుంచి వస్తే అటు నుంచి చూసుకోవచ్చు.

ఇంకో లెక్కలో కూడా ఈ ఊరు వస్తుంది. కాళేశ్వరం, శ్రీశైలం, ద్రాక్షారామం, ఈ మూడు శివలింగాల నడుమ ఉన్నది త్రిలింగ దేశమని పూర్వులు చెప్పుకున్నారు. అంటే తెలుగువాడు తన నేలకి ఎల్లలు గీసుకున్నప్పుడు ఒక కొసన ఈ గుడిని పెట్టుకున్నాడన్నమాట.

అయిదూ ఒక్కరోజులో చూడొచ్చా?

చూడొచ్చు. కార్తీక సోమవారాలకి ఆర్టీసీ వాళ్లు ప్రత్యేక బస్సులు వేస్తారు. ఆదివారం రాత్రి ఎక్కితే తెల్లవారుజామున అమరావతి, తర్వాత భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, చివరికి సామర్లకోట. ఒకేరోజు అయిదూ చూడటం పుణ్యమని నమ్మేవాళ్లకి ఇది మంచి ఏర్పాటే.

నన్నడిగితే మాత్రం రెండు రోజులు పెట్టుకోండి అంటాను. ఆ బస్సులో ద్రాక్షారామం చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది, కాళ్లు పీకుతుంటాయి, క్యూ చూస్తే గుండె జారుతుంది. డ్రైవరు గంట టైమిస్తాడు, అందులో ముప్పావు గంట లైన్లోనే పోతుంది. గుడి చూశామన్న మాటే గానీ ముందు వాళ్ల వీపు తప్ప ఏం చూసినట్టు? మొదటి రోజు భీమవరం, పాలకొల్లు చూసుకుని, చించినాడ వంతెన మీదుగా కోనసీమలోకి దిగి రాత్రికి అమలాపురంలో ఆగండి. రెండో రోజు పొద్దున్నే ద్రాక్షారామం, సాయంత్రానికి సామర్లకోట. అమరావతికి విడిగా ఇంకోసారి వెళ్లండి, ఆ ఊరికి దాని చరిత్ర దానికి ఉంది.

ఈ గుడిని ఎవరు కట్టారు?

పురాణం ప్రకారం సూర్యప్రతిష్ఠ. ఇప్పుడు మన కళ్ల ముందున్న రాతి కట్టడాన్ని మాత్రం చరిత్రకారులు తూర్పు చాళుక్య రాజు మొదటి చాళుక్య భీముడి కాలానికి చేరుస్తారు. ఆయన 892 నుంచి 922 వరకు వేంగిని ఏలాడు. సామర్లకోట గుడి కూడా ఆయన కట్టించిందే అంటారు. ఆ రెండు గుళ్లనీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తే పోలిక ఇట్టే తెలుస్తుంది. అదే రెండంతస్తుల గర్భగుడి, అదే ఎత్తైన లింగం, అదే ప్రాకారం తీరు.

ఆ తర్వాత వచ్చినవాళ్లు ఎవరికి తోచింది వాళ్లు చేర్చారు. చాళుక్యులు, చోళులు, వెలనాటి ప్రభువులు, కళింగ గాంగులు, రెడ్డి రాజులు అందరి చేతులూ ఈ గుడి మీద పడ్డాయి. "ఇది చోళుల గుడి కదండీ?" అని కొందరు అడుగుతుంటారు. ఆ అనుమానం రావడంలో తప్పులేదు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుడి తల్లి కుందవ తంజావూరు రాజరాజచోళుడి కూతురు. రాజరాజనరేంద్రుడి భార్య అమ్మంగదేవి రాజేంద్రచోళుడి కూతురు. వాళ్ల కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. మనవాడు వెళ్లి తంజావూరు రాజ్యం ఏలాడనుకున్నా, అమ్మమ్మగారింటికి అల్లుకుపోయాడనుకున్నా మీ ఇష్టం. ఆయన కాలంలో ఈ గుడికి వచ్చిన దానాలు లెక్కకు మిక్కిలి. తమిళ శాసనాలు కూడా ఇక్కడ కనబడటానికి కారణం అదే.

లింగం రెండంతస్తులలో ఉంటుందంటారు. దర్శనం ఎలా?

స్వామి లింగం మామూలు ఎత్తు కాదు. కింది అంతస్తులో మొదలై పైఅంతస్తులోకి వస్తుంది. కింద నిలబడితే లింగం మొదలు భాగం కనబడుతుంది, మెట్లెక్కి పైకి వెళితే శిరోభాగం. అభిషేకాలు, అర్చనలు పైనే జరుగుతాయి. దాన్ని స్ఫటిక లింగమని చెబుతారు.

చాలామంది పైన దర్శనం చేసుకుని అదే అయిపోయిందనుకుని వెళ్లిపోతారు. కిందకి కూడా వెళ్లండి. గర్భగుడి చుట్టూ లోపల ప్రదక్షిణ దారి ఒకటి ఉంది, మధ్యాహ్నం పూట కూడా చీకటిగా ఉంటుంది. ఒకప్పుడు గోడల్లో రత్నాలు పొదిగి ఉండేవనీ ఆ వెలుగులోనే ప్రదక్షిణ చేసేవారనీ ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. రత్నాల సంగతి ఎలా ఉన్నా, ఆ చల్లని రాతి గోడకి చెయ్యి ఆనించి మెల్లిగా నడుస్తుంటే బయట రోడ్డు మీద మోగే హారన్లు ఒక్కసారిగా దూరమైపోతాయి.

మాణిక్యాంబ అమ్మవారి గుడి వేరేనా?

అదే ప్రాంగణంలో. అష్టాదశ శక్తిపీఠాల శ్లోకంలో "మాణిక్యా దక్షవాటికా" అని వచ్చేది ఈ తల్లే. సతీదేవి ఎడమ చెక్కిలి పడిన చోటని నమ్మిక. దక్షుడు యజ్ఞం చేసిన చోటు కూడా ఇదేనంటారు, అందుకే పాత శాసనాల్లో, కావ్యాల్లో ఊరి పేరు దక్షారామం, దాక్షారామం అని కనబడుతుంది. కుంకుమార్చన చేయించుకునేవాళ్లు కౌంటర్లో రసీదు తీసుకుంటే సరిపోతుంది.

అమ్మవారి దగ్గరికి వెళ్లే ముందు డుంఠి గణపతికి దణ్ణం పెట్టుకోవడం ఇక్కడి ఆనవాయితీ. క్షేత్రపాలకుడు లక్ష్మీనారాయణుడు. శివాలయానికి విష్ణువు కాపలా ఏమిటని పిల్లలు అడిగితే, మన దగ్గర ఈ ఇద్దరికీ ఎప్పుడూ పొత్తు కుదురుతూనే ఉందని చెప్పండి. ప్రాకారం నాలుగు ద్వారాలకీ గోగులమ్మ, నూకాంబిక, మండతల్లి, ఘట్టాంబిక అని గ్రామదేవతల పేర్లు చెబుతారు. లోపల వేదమంత్రాలు, గుమ్మం దగ్గర ఊరి అమ్మోరు. గోదావరి గుళ్లలో ఈ రెండూ కలిసే ఉంటాయి.

దక్షిణ కాశి అని ఎందుకంటారు?

పదో తరగతి తెలుగులో "భిక్ష" పాఠం చదివినవారికి ఈ కథ సగం తెలిసే ఉంటుంది. వ్యాసుడు శిష్యులతో కాశీలో ఉండగా వరుసగా భిక్ష దొరకదు. ఏ ఇంటికి వెళ్లినా లేదనే మాటే. ఆకలితో కోపం నెత్తికెక్కి కాశీనగరాన్నే శపించబోతాడు. అప్పుడు సాక్షాత్తూ అన్నపూర్ణ ఒక ముత్తయిదువ రూపంలో వచ్చి, మందలించి, భోజనం పెడుతుంది. పాఠం అక్కడితో ఆగిపోతుంది. మన ఊరి కథ మాత్రం అక్కడే మొదలవుతుంది.

కాశినే శపించబోయినవాడికి కాశీలో చోటు లేదని శివుడు వెళ్లగొడతాడు. ఆ తల్లి జాలిపడి దక్షారామం వెళ్లమంటుంది. దిగులుగా దక్షిణానికి నడిచి వచ్చిన వ్యాసుడికి పిఠాపురంలో అగస్త్యుడు కలుస్తాడు. ఆయన కూడా కాశిని వదిలి రావలసివచ్చినవాడే. ఇద్దరూ కాశి తలుచుకుని బాధపడుతూ, భీమేశ్వరుడి దగ్గరికి వచ్చి ఊరట పొందుతారు. 15వ శతాబ్దిలో శ్రీనాథుడు రాసిన భీమేశ్వర పురాణం కథ ఇది. దీన్నే భీమఖండం అని కూడా అంటారు. బెండపూడి అన్నయామాత్యుడికి అంకితమిచ్చాడు. రాజమండ్రి రెడ్డి రాజుల కొలువులో తిరిగినవాడు కాబట్టి ఈ డెల్టా ఊళ్లూ కాలవలూ ఆయనకి బాగా తెలుసు. కాశిలో చోటు దక్కనివాడికి కూడా చోటిచ్చే ఊరిగా ద్రాక్షారామాన్ని నిలబెట్టాడు. పురాణంలో ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఇంకో ఊరికి ఉందో లేదో.

స్తంభాల మీద, గోడల మీద ఏదో రాసుంది. ఏమిటది?

ఇక్కడికి వచ్చినప్పుడు కాసేపు క్యూలోంచి పక్కకి జరగండి. నల్లగా నిగనిగలాడే ఆ స్తంభాల మీద, గోడల రాళ్ల మీద వరసలు వరసలుగా చెక్కిన అక్షరాలన్నీ శాసనాలు. ఈ ఒక్క గుడిలోనే మూడు వందలకు పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం తెలుగు, తర్వాత సంస్కృతం, కొన్ని తమిళం. మన భాష 11, 12 శతాబ్దాలలో మామూలు లావాదేవీల్లో ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇంత పెద్ద దఫ్తరం చాలా కొద్దిచోట్లే ఉంది.

వీటిలో యుద్ధాలు, విజయాలు ఉంటాయనుకుని వచ్చేవాళ్లు నిరాశపడతారు. ఎక్కువ శాసనాల్లో ఉండేది దీపం గురించి. "అఖండవర్తి దీపం", అంటే రాత్రీ పగలూ ఆరకుండా వెలిగే దీపం. ఫలానా వ్యక్తి, ఫలానా శక సంవత్సరం, ఉత్తరాయణం రోజునో గ్రహణం రోజునో, తల్లిదండ్రుల పుణ్యం కోసం భీమేశ్వర దేవుడికి ఒక అఖండ దీపం పెట్టాడు అని ఉంటుంది. దీపం పెట్టాడంటే ఒక ప్రమిద కొనిచ్చాడని కాదు. ఆ దీపానికి ఎన్నటికీ నెయ్యి వస్తూనే ఉండాలి. దానికోసం ఆయన గొర్రెలమందో, ఆవులో, మాడలో (అప్పటి బంగారు నాణేలు) ఇస్తాడు. ఆ పశువుల్ని ఒక బోయ తీసుకుంటాడు. అప్పట్లో ఇక్కడి పశుకాపరుల్ని శాసనాలు ఆ పేరుతోనే చెబుతాయి. మంద అతనిది, దాని పెంపకం అతనిది. బదులుగా రోజూ గుడికి మానెడు నెయ్యి పొయ్యాలి. అతని తర్వాత అతని కొడుకులు, మనవలు పొయ్యాలి. సూర్యచంద్రులున్నంతవరకు.

ఈ ఏర్పాటు ఒక్కసారి ఊహించుకోండి. దాత డబ్బు గుడి హుండీలో పడి ఖర్చయిపోదు. అది మందగా మారుతుంది, మంద పెరుగుతుంది, పాలు నెయ్యి అవుతాయి, నెయ్యి దీపమవుతుంది. బోయకి బతుకుతెరువు, గుడికి వెలుగు, దాతకి పేరు. ఇప్పటి మాటల్లో అయితే ఫిక్సెడ్ డిపాజిట్ వేసి వడ్డీతో దీపం వెలిగించినట్టు. కాకపోతే ఈ బ్యాంకు ఊరి చుట్టూ పచ్చికలో మేస్తుంటుంది.

ఇచ్చినవాళ్లంతా రాజులనుకోకండి. సేనానులు, మంత్రులు, వాళ్ల భార్యలు, తల్లులు, వ్యాపారులు, గుడిలో నాట్యసేవ చేసే సానులు కూడా దాతలే. ఆడవాళ్ల పేర్లు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రాజుల చరిత్ర పుస్తకాల్లో మనకి దొరకని మనుషులు వీళ్లు. ఎవరి ఇంట్లో ఎవరి కోసం దిగులుపడి దీపం పెట్టారో, ఆ పేర్లు మాత్రం వెయ్యేళ్లుగా రాయి మీద ఉన్నాయి.

చివర్లో తరచుగా ఒక శాపం ఉంటుంది. తాను ఇచ్చినదైనా ఇంకొకరు ఇచ్చినదైనా దానం చేసిన భూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు మలంలో పురుగై పుడతాడని. "స్వదత్తాం పరదత్తాం వా" అనే ఆ శ్లోకం దేశమంతా శాసనాల్లో కనబడుతుంది. దేవాలయ భూముల కబ్జా వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ పురుగు గుర్తొస్తుంది.

నాకు పాత లిపి రాదు. ఏమైనా గుర్తుపట్టగలనా?

గలరు. అప్పటి లిపి వేంగి చాళుక్యుల తెలుగు కన్నడ లిపి. గుండ్రటి అక్షరాలే, కొంత అలవాటు పడితే మన తెలుగు బయటపడుతుంది. ముందు శాసనం మొదలు వెతకండి. చాలావాటికి "స్వస్తిశ్రీ" తోనే ఆరంభం. తర్వాత "శకవర్షంబులు" అనే మాట, దాని పక్కన సంవత్సరం. ఆ శక సంవత్సరానికి 78 కలిపితే మన క్యాలెండర్ సంవత్సరం వస్తుంది. శక 1000 అంటే 1078 అన్నమాట. కొన్నిచోట్ల సంవత్సరాన్ని అంకెల్లో కాకుండా సంస్కృత శ్లోకంలో మాటలతో చెబుతారు, అవి పండితులకి వదిలేయండి.

వెలుతురు ఏటవాలుగా పడే పొద్దున పూట అక్షరాలు బాగా కనబడతాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాయి చదునుగా కనిపిస్తుంది. పిల్లలకి "శ్రీ" అక్షరం వెతికే పని అప్పజెప్పండి, అరగంట వాళ్ల గోల ఉండదు.

స్తంభాలకి పసుపు కుంకుమ రాయొచ్చా? దీపం పెట్టొచ్చా?

దయచేసి వద్దు. భక్తితోనే చేస్తారని తెలుసు. కానీ నూనె జిడ్డు అక్షరాల గాడుల్లోకి దిగుతుంది, దాని మీద దుమ్ము, దాని మీద కుంకుమ. కొన్నేళ్లకి గాడి పూడిపోయి అక్షరమే కనబడదు. కర్పూరం మసి ఇంకా మొండిది. దీపాలు పెట్టడానికి గుడివాళ్లు చోటు చూపిస్తారు, అక్కడే పెట్టండి. రాయి మీద నాణెం అంటించి కోరిక తీరుతుందో లేదో చూసే అలవాటు కూడా కొందరికి ఉంది. ఆ రాయి మీద ఎవరిదో దీపం దానం ఉండొచ్చు, గుర్తుపెట్టుకోండి.

సప్తగోదావరి అంటే ఏ నది?

గుడి దగ్గరున్న కోనేరు పేరు సప్తగోదావరి. స్వామి ప్రతిష్ఠ కోసం సప్తఋషులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారనీ, వాటిలో భారద్వాజ, విశ్వామిత్ర, జమదగ్ని పాయలు భూమిలోంచి పారే అంతర్వాహినులనీ కథ. గౌతమి, వశిష్ఠ మాత్రం నేటికీ కళ్లెదుట పారుతున్నాయి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలేది ఈ రెండు పాయలుగానే.

ఈ కోనేటి చుట్టూ కనబడే పచ్చదనం వెనక ఇంకో కథ కూడా ఉంది. 1847 నుంచి 1852 మధ్య ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాడు. అంతకుముందు ఈ సీమకి ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. ఇప్పుడు రామచంద్రపురం నుంచి దారి పొడుగునా కాలవ మీ పక్కనే వస్తుంది.

ఏ నెలలో వెళితే మంచిది?

రద్దీ ఇష్టమైతే కార్తీక మాసం, మహాశివరాత్రి. కార్తీకంలో సాయంత్రం పూట కోనేటి మెట్ల నిండా దీపాలుంటాయి, ఆ సందడి దానికదే అందం. స్వామివారి కల్యాణం మాఘ శుద్ధ ఏకాదశి, భీష్మ ఏకాదశి నాడు. అమ్మవారికి దసరా నవరాత్రులు. ఈ రోజుల్లో వస్తే శాసనాలు చూద్దామన్న ఆశ వదిలేసి రండి.

గుడిని గుడిగా చూడాలంటే డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు, పండగలు లేని రోజు, మామూలు పనిరోజు. ఏడింటికల్లా లోపల ఉండండి. మధ్యాహ్నం కొన్ని గంటలు తలుపులు మూసేస్తారు, దూరం నుంచి వచ్చేవాళ్లు పన్నెండింటికి చేరుకుని ఉస్సూరుమనడం రోజూ జరిగేదే.

బట్టలు, ఫోను, కెమెరా సంగతి?

సంప్రదాయ దుస్తులు వేసుకోండి: పంచె, చీర, చుడీదార్ ఏదైనా పరవాలేదు. అభిషేకంలో కూర్చునే మగవాళ్లు పంచె తెచ్చుకోవాలి. గర్భగుడిలో ఫొటోలు తీయకూడదు. బయట మండపాల్లో తీసుకునే ముందు సిబ్బందిని ఒక మాట అడగండి. ఎండాకాలంలో బండలు కాలిపోతుంటాయి, చిన్నపిల్లలకి సాక్సులు వేసి తీసుకురండి.

పెద్దవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఎలా?

ప్రాంగణమంతా దాదాపు చదునే. పైఅంతస్తుకి మాత్రం మెట్లున్నాయి. ఎక్కలేనివాళ్లు కింద దర్శనం చేసుకుంటే చాలు, కింద ఉన్నదీ అదే స్వామి. చీకటి ప్రదక్షిణ దారిలో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాలి.

అభిషేకం చేయించుకోవాలంటే ముందుగా చెప్పాలా?

మామూలు రోజుల్లో పొద్దున్నే వచ్చి కౌంటర్లో టికెట్ తీసుకుంటే చాలు. గోత్రం, పేర్లు చీటీ మీద రాసి ఇస్తే అర్చకుడికీ సుఖం, మీకూ సుఖం. కార్తీక సోమవారాలకి, శివరాత్రికి ముందే ఫోను చేసి కనుక్కోండి.

ఈ గుడి ఎవరి ఆధీనంలో ఉంది?

పూజలు, ఉత్సవాలు, సిబ్బంది దేవాదాయ శాఖ చూస్తుంది. కట్టడం మాత్రం కేంద్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడం. అందుకే ఇక్కడ ఒక రాయి కదపాలన్నా, గోడకి రంగు వెయ్యాలన్నా ఆ శాఖ ఒప్పుకోవాలి. రక్షిత కట్టడానికి చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాలు నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు అనుమతి తీసుకునే కట్టాలి. గుడి పక్క స్థలాలున్నవాళ్లకి ఇది తలనొప్పే. "షెడ్డు వేసి టైల్స్ పరిస్తే భక్తులకి సౌకర్యం కదా" అనేవాళ్లు కూడా ఉన్నారు. టైల్స్ పరిచి, ఆయిల్ పెయింట్ కొట్టి, పాత స్తంభాలు పీకేసిన గుళ్లు మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయో చూసినవాళ్లు ఆ మాట అనరు.

దగ్గర్లో ఇంకేం చూడొచ్చు?

ద్రాక్షారామం చుట్టూ ఎనిమిది దిక్కుల్లో ఎనిమిది సోమేశ్వరాలయాలున్నాయి: కోలంక, వెంటూరు, కోటిపల్లి, వెల్ల, దంగేరు, కోరుమిల్లి, సోమేశ్వరం, పెనుమళ్ల. అష్టసోమేశ్వరాలంటారు. అన్నీ తిరగడానికి ఆటో మాట్లాడుకుంటే ఒక పూట పడుతుంది. దారంతా వరిచేలు, కొబ్బరితోటలు. ఒక్కటే చూడగలమంటే కోటిపల్లి వెళ్లండి. గుడి ఎదురుగా గౌతమి విశాలంగా ఉంటుంది, రేవులో స్నానం చేసి ఛాయా సోమేశ్వరుణ్ణి దర్శించుకోవచ్చు.

శిల్పం ఇష్టమున్నవాళ్లకి బిక్కవోలు. తూర్పు చాళుక్యుల కాలపు చిన్న చిన్న గుళ్లు ఊళ్లోనూ పొలాల్లోనూ ఉన్నాయి. పేరున్న గుడి కాదు కాబట్టి ఎవరూ తొందరపెట్టరు, తీరిగ్గా చూసుకోవచ్చు. రాజమండ్రి నుంచి మండపేట మీదుగా వచ్చేవాళ్లు తాపేశ్వరంలో ఆగి మడత కాజా తినకుండా రారు, అది నేను చెప్పక్కర్లేదు.

2027 పుష్కరాలకి రావచ్చా?

పన్నెండేళ్లకోసారి వచ్చే గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో. స్నానానికి కోటిపల్లి రేవుకి జనం పోటెత్తుతారు, అట్నుంచి అటే ద్రాక్షారామం వస్తారు. పుష్కర స్నానం కావాలంటే రండి. గుడి చూడటం కావాలంటే పుష్కరాలయ్యాక నెల ఆగి రండి.

శాసనాల గురించి ఇంకా చదవాలంటే?

దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో 1923లో వచ్చిన నాలుగో సంపుటం చూడండి. ద్రాక్షారామం శాసనాల పాఠాలు అందులో ఉన్నాయి. పెద్ద గ్రంథాలయాల్లో దొరుకుతుంది, ఇంటర్నెట్‌లో స్కాన్ చేసిన ప్రతులు కూడా ఉన్నాయి. మీకు నచ్చిన నాలుగైదు శాసనాల పేజీలు ప్రింటు తీసుకుని వెంట తెచ్చుకోండి. ఏ శాసనం ఏ స్తంభం మీదో, ఏ గోడ మీదో దాని తలకట్టులోనే రాసి ఉంటుంది. ఆ స్తంభం వెతికి, కాగితం పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం పోల్చుకుంటూ పోతే మొదటి వరసకి పావుగంట పడుతుంది. రెండో వరస నుంచి వేగం వస్తుంది.